తడిగుడ్డ కథ

తడిగుడ్డతో గొంతు కోయడం అని మనకొక జాతీయం ఉంది. పైకి మెత్తగా, చల్లగా కనిపిస్తూ లోలోపల కీడు చేసేవారిని గురించి ఆ మాట వాడతాం. కత్తిని చూస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు. తడిగుడ్డను ఎవరు అనుమానిస్తారు? ఈ మాటను మొదట పలికిన పూర్వీకుడెవరో గాని, ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి పదిహేనేళ్ళలో జరిగిన ఒక వైద్య చరిత్రకు ఇంతకంటే తగిన మాట దొరకదు. ఒక్క తేడా మాత్రం ఉంది. ఈ కథలో కీడు తలపెట్టినవారెవరూ లేరు. అందరూ మేలు కోరినవారే. అందుకే దీన్ని తీరిగ్గా చెప్పుకోవలసి వస్తున్నది.

ఈ చరిత్ర జోలికి నేను వెళ్ళడానికి కారణం మా అమ్మ. 2012లో ఆమె తుంటి ఎముక విరిగి కొన్ని నెలలు మంచాన పడింది. అటువంటి రోగికి శుభ్రత చేయడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. ఎవరో చెప్పగా పసిపిల్లలకు వాడే వెట్ వైప్స్ డబ్బాలు తెప్పించాం. నెల దాటేసరికి నడుము కింది భాగమంతా ఎర్రబడి, పగిలి, రసి కారసాగింది. పడకకు ఒరిసిపోయిందన్నారు కొందరు. చెమటకు అన్నారు మరికొందరు. పౌడరు చల్లాం, శిలీంధ్రాలకు వాడే లేపనం రాశాం, స్టెరాయిడ్ లేపనం రాశాం. అది రాసినన్నాళ్ళు తగ్గేది, మానగానే తిరగబెట్టేది. పుండు ముదిరినకొద్దీ మేము మరింత శ్రద్ధగా, మరిన్నిసార్లు, ఆ గుడ్డలతోనే తుడిచేవాళ్ళం.

చివరికి ఒక పెద్ద వయసు చర్మవైద్యుడు వచ్చి చూశారు. మందుల చీటీ అడగలేదు. "అమ్మగారిని దేనితో తుడుస్తున్నారండీ?" అని మాత్రం అడిగారు. డబ్బా చూపించాను. దాన్ని వెనక్కి తిప్పి, కళ్ళజోడు సవరించుకుని చదివి, "దీన్ని అవతల పెట్టండి. మంచినీళ్ళు, పాత నేతచీర ముక్క చాలు" అన్నారు. మూడు వారాలకు అమ్మ ఒళ్ళు మామూలుగా అయింది. పరీక్ష చేయించలేదు కాబట్టి ఫలానా ద్రవ్యమే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను. కాని ఆ డబ్బా వెనుక చీమతలంత అక్షరాలలో ఉన్న పేర్లలో ఒకటి ఆనాటినుంచి నన్ను వదలలేదు. మిథైల్ ఐసోథయాజోలినోన్. ఆ పేరు వెంట నడిచి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

*

ముందు గుడ్డ సంగతి. వెట్ వైప్ పసిపిల్లల కోసం పుట్టలేదు. భోజనాల బల్ల దగ్గర పుట్టింది. సౌందర్యద్రవ్యాల పరిశ్రమలో పనిచేసిన ఆర్థర్ జూలియస్ అనే అమెరికన్ 1957 ప్రాంతాల న్యూయార్కులో, సూపును పొట్లాలు కట్టడానికి ఉద్దేశించిన యంత్రాన్ని సవరించి, తడి కాగితాన్ని మడిచి పొట్లం కట్టే ఉపాయం కనిపెట్టాడు. 1958లో దానికి 'వెట్ న్యాప్' అని పేరు పెట్టాడు. 1960లో షికాగోలో జరిగిన రెస్టారెంట్ల ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించాడు. 1963లో కెంటకీ ఫ్రైడ్ చికెన్ వారు తమ గిరాకీలకు కోడిమాంసంతో పాటు వీటిని ఇవ్వడం మొదలుపెట్టారు. జిడ్డు చేతులు తుడుచుకుని పారవేసే వస్తువది. రోజుకొకసారి, అదీ అరచేతి మందపాటి చర్మం మీద.

తరువాతి దశాబ్దాలలో ఆ గుడ్డ బల్ల మీదినుంచి ఉయ్యాల దగ్గరికి చేరింది. అక్కడ దాని పని పూర్తిగా మారిపోయింది. రోజుకు ఆరేడుసార్లు, లేత చర్మం మీద, అప్పటికే తడికి నాని ఒరిసిన చోట వాడకం. తుడిచిన తరువాత కడగడం ఉండదు. పైన డైపరు బిగుస్తుంది. అంటే గుడ్డలోని ద్రవంలో ఏమున్నదో అది ఒంటిమీదే ఉండిపోతుంది. పిల్లల నుంచి పెద్దల మరుగుదొడ్లకు, ముఖాలంకరణ తుడిచే బల్లలకు, మంచాన పడ్డ వృద్ధుల గదులకు పాకింది.

ఈ వస్తువు స్వభావంలోనే ఒక చిక్కు ఉంది. గుడ్డలోని ద్రవంలో అత్యధిక భాగం నీరే. నీరు, నార, గాలి కలిసిన చోట సూక్ష్మజీవులు పెరగక మానవు. మన ఇంట్లో తడిబట్టను మూటకట్టి రెండు రోజులు మూల పడేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ తడిబట్టే నెలల తరబడి దుకాణంలో ఉండి, తెరిచాక కూడా వారాల పాటు చెడకుండా ఉండాలంటే దానిలో సూక్ష్మజీవులను చంపే ద్రవ్యం ఏదో ఒకటి కలపక తప్పదు. ఊరగాయకు ఉప్పు, నూనె ఎటువంటివో తడిగుడ్డకు ఈ నిలవద్రవ్యం అటువంటిది. అది లేకుంటే మరొక రకం ప్రమాదం. ఈ సంగతి మరిచి తయారీదారులను తిట్టడం సులభం, కాని న్యాయం కాదు.

*

ఇక అలర్జీ సంగతి. ఈ పదాన్ని 1906లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫోన్ పిర్కే సృష్టించాడు. గ్రీకులో 'వేరు', 'పని' అనే అర్థాలున్న రెండు మాటలను కలిపాడు. ఒక పదార్థంతో ఒకసారి పరిచయమైన శరీరం రెండవసారి వేరే విధంగా ప్రవర్తిస్తుందని ఆయన భావం. తెలుగులో మనకు అంతకంటే సూటి మాట ఎప్పటినుంచో ఉంది. "నాకు వంకాయ పడదు" అంటాం. "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటాం. తప్పు వంకాయది కాదు, మనిషిదీ కాదు. ఇద్దరికీ పొత్తు కుదరలేదు. శాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే.

చర్మానికి ఏది పడదో పరీక్షించి చూసే పద్ధతి అలర్జీ అనే పదం కంటే పదకొండేళ్ళు ముందే పుట్టింది. 1895లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో జరిగిన జర్మన్ చర్మవైద్యుల మహాసభలో యోసెఫ్ యాదసోన్ ఒక ప్రయోగం వివరించాడు. పాదరసపు లేపనం వల్ల ఒళ్ళు పేలిందని అనుమానమున్న రోగికి ఆ లేపనాన్నే ఒకచోట అతికించి కొన్నాళ్ళు చూస్తే, సరిగ్గా ఆ మేరకే చర్మం పొంగింది. నేటికీ ప్రపంచమంతటా చర్మవైద్యులు వాడుతున్న ప్యాచ్ టెస్టుకు అదే మూలం. వీపు మీద అనుమానిత ద్రవ్యాలను చుక్కలుగా అతికించి, రెండు రోజులకు తీసి, మళ్ళీ నాలుగైదు రోజులకు చూస్తారు. నూటముప్పై ఏళ్ళు దాటినా ఆ పరీక్షను తలదన్నేది రాలేదు.

రెండు మూడు రోజులు ఆగడమెందుకు? ఈ జాతి అలర్జీ తేనెటీగ కుట్టినట్లు వెంటనే పొంగేది కాదు. 1930లలో కార్ల్ లాండ్‌స్టైనర్ సీమపందికొక్కుల మీద చేసిన ప్రయోగాలతో దీని గుట్టు కొంత విడిపోయింది. చిన్న రసాయన అణువు తనంతట తాను శరీర రక్షకులకు కనబడదు. అది చర్మంలోని మాంసకృత్తును పట్టుకుని అతుక్కున్నప్పుడు, ఆ అతుకు శరీరానికి పరాయిదిగా తోస్తుంది. చర్మంలో కాపలా ఉండే కణాలు ఆ ఆనవాలును దగ్గరి లింఫు గ్రంథులకు మోసుకుపోతాయి. అక్కడ టి కణాలు దాన్ని గుర్తుంచుకుంటాయి. ఈ తొలి పరిచయానికి పది పన్నెండు రోజులైనా పడుతుంది. అంతవరకు చర్మం మీద ఏమీ కనబడదు. ఆ తరువాత ఎప్పుడు ఆ ద్రవ్యం తగిలినా ఒకటి రెండు రోజులకు మంట, దురద, పొక్కులు. ఆ జ్ఞాపకం ఏళ్ళ తరబడి, సాధారణంగా జీవితాంతం పోదు.

ఇందువల్లనే దొంగ దొరకడు. నిన్నటిదాకా పడిన వస్తువు ఈరోజు పడకపోతుందని ఎవరికీ తోచదు. తుడిచిన రోజుకూ పొక్కిన రోజుకూ మధ్య ఎడం ఉంటుంది. పైగా పొక్కిన చోటును శుభ్రం చేయడానికి ఆ గుడ్డనే వాడతారు.

*

కొత్త రసాయనాలు వచ్చాకే ఇటువంటివి మొదలయ్యాయనీ, పూర్వం అంతా నిర్మలమనీ అనుకోవడం మనలో కొందరికి అలవాటు. అది నిజం కాదు. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి రసం వల్ల రెండవ ప్రపంచయుద్ధకాలంలో మన దేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు, మెడ దగ్గరా నడుము దగ్గరా, బట్టల మీద గుర్తున్న చోటనే పొక్కులు లేచాయి. సైనిక వైద్యులు 1943లో దాన్ని గురించి రాశారు. పలాసలో జీడిగింజలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళను చూసినవారికి ఆ పెంకు నూనె ఏం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. కుంకుమలో కలిసే రంగులు పడక నొసలు నల్లబడినవారున్నారు. అతికించే బొట్టుబిళ్ళల జిగురులోని ఒక ద్రవ్యం వల్ల బొట్టు పెట్టుకునే చోట చర్మం రంగు పోయి తెల్లమచ్చ పడ్డవారూ ఉన్నారు. పొలాల గట్ల మీద తెల్లపూలతో ఊగే వయ్యారిభామ గాలికే ముఖాలు వాచిన రైతులెందరో. చెట్టు నుంచి వచ్చినా, కర్మాగారం నుంచి వచ్చినా, మాంసకృత్తును పట్టుకోగల అణువైతే చాలు, చర్మానికి ఒకటే.

*

ఇప్పుడు అసలు కథ. సౌందర్యద్రవ్యాలను నిలవ ఉంచడానికి ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధం నుంచి పారబెన్లు అనే కుటుంబం వాడుకలో ఉంది. వాటితో పాటు ఫార్మాల్డిహైడ్‌ను మెల్లగా విడుదల చేసే ద్రవ్యాలూ వచ్చాయి. ఫార్మాల్డిహైడ్ చర్మానికి పడకపోవడం చాలామందిలో కనబడింది. మరింత తక్కువ మోతాదులో మరింత గట్టిగా పనిచేసే ద్రవ్యం కావాలనుకున్న పరిశ్రమకు 1980 ప్రాంతాల యూరప్‌లో ఒక జంట దొరికింది. మిథైల్‌క్లోరోఐసోథయాజోలినోన్ మూడు పాళ్ళు, మిథైల్ ఐసోథయాజోలినోన్ ఒక పాలు. మనం సౌకర్యం కోసం మొదటిదాన్ని అక్క అనీ, రెండవదాన్ని చెల్లెలు అనీ పిలుచుకుందాం.

ఈ అక్కాచెల్లెళ్ళ నిర్మాణంలో గంధకమూ నత్రజనీ పక్కపక్కన ఉండే చిన్న వలయం ఉంటుంది. సూక్ష్మజీవుల ఎంజైములలో గంధకమున్న చోట్లను అది పట్టుకుని వాటి ప్రాణం తీస్తుంది. మన చర్మంలోని మాంసకృత్తులలోనూ అటువంటి చోట్లున్నాయి. సూక్ష్మజీవిని చంపే గుణమూ, చర్మానికి పడకపోయే గుణమూ ఒకే వేరునుంచి పుట్టినవన్నమాట. ఒకదాన్ని ఉంచి రెండవదాన్ని తీసివేయడం అంత తేలిక కాదు.

1980ల మధ్యకల్లా స్వీడన్ నుంచి, ఆపైన హాలండ్ నుంచి, ఇతర దేశాల నుంచి కేసులు వచ్చాయి. మోతాదు తగ్గించారు, ఐరోపాలో గరిష్ఠ పరిమితి పది లక్షల భాగాలకు 15 భాగాలైంది. 1991లోనే డచ్చి వైద్యులు తడి టాయిలెట్ కాగితం వల్ల కలిగిన అలర్జీని గురించి రాశారు. అంటే తడిగుడ్డ మీద అనుమానం అప్పటికే నమోదై ఉంది.

ఈ జంట మీద భయం పుట్టాక మిథైల్‌డైబ్రోమో గ్లూటరోనైట్రైల్ అనే మరొక ద్రవ్యం ముందుకు వచ్చింది. తడి టాయిలెట్ కాగితాలలో కూడా దాన్ని వాడారు. 1990లలో దానివల్ల కూడా చర్మవ్యాధి పెరుగుతూ పోయింది. ఒంటిమీద నిలిచే వస్తువులలో దాన్ని నిషేధిస్తూ 2005లో, కడిగివేసే వాటిలో కూడా నిషేధిస్తూ 2007లో ఐరోపా సంఘం ఆదేశాలిచ్చింది.

సరిగ్గా ఆ 2005లోనే మరొక తలుపు తెరుచుకుంది. జంటలో ఎక్కువ తీవ్రమైనది అక్కేననీ, చెల్లెలు సాధువనీ ఆనాటి అంచనా. అందుచేత చెల్లెలిని ఒంటరిగా సౌందర్యద్రవ్యాలలో వాడవచ్చునని ఐరోపాలో అనుమతి లభించింది. అయితే ఒంటరిగా ఆమెకు సూక్ష్మజీవులను చంపే బలం తక్కువ. కాబట్టి మోతాదు పెంచాలి. అనుమతించిన పరిమితి పది లక్షలకు 100 భాగాలు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. జంట మొత్తం 15 భాగాలైతే అందులో చెల్లెలి వంతు నాలుగో పాలు, అంటే నాలుగు భాగాలకు లోపే. ఆ నాలుగు ఇప్పుడు వంద అయింది. పాతిక రెట్లకు పైగా. సాధువైనా సరే, ఒకరి బదులు పాతికమందిని లోపలికి పిలిస్తే ఇల్లు ఇల్లుగా ఉంటుందా?

పైగా ఇది తెలియక జరిగిందని పూర్తిగా అనలేం. పరిశ్రమలలో చెల్లెలిని ఒంటరిగా వాడటం అంతకు ముందే మొదలైంది. 2004లో స్వీడన్ వైద్యులు, 2006లో డెన్మార్క్ వైద్యులు పనివారిలో దీనివల్ల కలిగిన అలర్జీని ప్రకటించారు. డెన్మార్క్ కేసులు ఒక రంగుల కర్మాగారంలోవి. ఆ హెచ్చరికలు వైద్యపత్రికలలో ఉండగానే తడిగుడ్డల డబ్బాలు ఇళ్ళలోకి వెళ్ళాయి.

*

2010లో బెల్జియంలోని ల్యూవెన్ నగరం నుంచి ఆన్ గూసెన్స్ బృందం ఒక ప్రశ్న లేవనెత్తింది: సౌందర్యద్రవ్యాలలో కొత్త అలర్జీ కారకం తలెత్తుతున్నదా? వారు చూసిన రోగులలో తడిగుడ్డలు వాడినవారు ఉన్నారు. మూడేళ్ళు గడిచేసరికి అది ప్రశ్నగా మిగలలేదు. 2013 నాటికి యూరప్‌లోని అనేక పరీక్షా కేంద్రాలలో, ప్యాచ్ టెస్టుకు వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ఐదారుగురికి ఈ ద్రవ్యం పడదని తేలింది. (వీరు చర్మబాధతో వచ్చి పరీక్ష చేయించుకున్నవారు, జనాభా మొత్తానికి ఈ లెక్క వర్తించదు.) అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013కు దీన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది.

2014లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం నుంచి మేరీ వూ చాంగ్, రాధికా నక్రానీ అనే ఇద్దరు 'పీడియాట్రిక్స్' పత్రికలో ఆరుగురు పిల్లల కథ ప్రచురించారు. ముఖం మీదా, పిరుదుల మీదా మానని పొక్కులు. ఎగ్జిమా అనీ, చీముపొక్కులనీ, సోరియాసిస్ అనీ రకరకాల పేర్లు పెట్టి, రకరకాల మందులు వాడారు. అన్నిటికీ మూలం తడిగుడ్డలలోని ఈ ద్రవ్యమే. వాటిని మానగానే పిల్లలందరికీ త్వరగా నయమైంది. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మా అమ్మ మంచం కనిపించింది. ఆ ఆరు ఇళ్ళలో ఎన్ని రాత్రులు ఎందరు తల్లులు దీపం వెలిగించుకుని, మరింత శ్రద్ధగా, అదే గుడ్డతో తుడిచి ఉంటారో!

ఇంతకాలం వైద్యులకు ఎందుకు దొరకలేదన్న ప్రశ్నకు మరొక జవాబు కూడా ఉంది. ప్యాచ్ టెస్టులో అప్పటిదాకా అక్కాచెల్లెళ్ళను కలిపిన మిశ్రమాన్నే అతికించేవారు. అందులో చెల్లెలి పాలు తక్కువ కాబట్టి, ఆమె ఒక్కతే పడనివారిలో చాలామందికి పరీక్షలో ఏమీ తేలేది కాదు. "మీకు అలర్జీ లేదు" అనిపించుకుని ఇంటికి వెళ్ళి మళ్ళీ అదే డబ్బా తెరిచేవారు. చెల్లెలిని విడిగా, తగిన మోతాదులో పరీక్షించాలన్న నిర్ణయం యూరప్‌లో 2013-14 ప్రాంతాల గాని స్థిరపడలేదు. వెదికే దీపం ఎక్కడ పెడితే అక్కడే దొంగ కనబడతాడు.

ఆ తరువాత చట్టం కదిలింది. 2013 డిసెంబరులో ఐరోపా శాస్త్రీయ సలహాసంఘం 100 భాగాల పరిమితి క్షేమం కాదన్నది. అదే నెలలో ఐరోపా సౌందర్యద్రవ్యాల తయారీదారుల సంఘం, తడిగుడ్డలతో సహా ఒంటిమీద నిలిచే వస్తువులలో దీన్ని మానమని తన సభ్యులకు సలహా ఇచ్చింది. చట్టబద్ధమైన నిషేధం అమలులోకి రావడానికి 2017 ఫిబ్రవరి దాకా పట్టింది. కడిగివేసే వాటిలో పరిమితిని 100 నుంచి 15కు తగ్గించడం 2018లో అమలైంది. 2005లో అనుమతి, 2017లో నిషేధం. నడుమ పన్నెండేళ్ళు. నిషేధం దరిదాపులకు వచ్చాక యూరప్ క్లినిక్కులలో కొత్త కేసులు తగ్గుముఖం పట్టాయి. కాని ఒకసారి పడకపోయినవారికి ఆ జ్ఞాపకం పోదని చెప్పుకున్నాం కదా. గోడల రంగులలో కూడా ఈ ద్రవ్యం ఉంటుంది. అటువంటివారు కొత్తగా రంగు వేసిన గదిలో నిద్రిస్తే గాలి తగిలే ముఖం పొంగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. సౌందర్యద్రవ్యాల చట్టం గోడలకు వర్తించదు.

*

ఈ కథకు ఒక కొసమెరుపు ఉంది. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో రొమ్ము క్యాన్సర్ కణుతులలో పారబెన్ల జాడ కనబడింది. అవే కారణమని ఆ పరిశోధన రుజువు చేయలేదు. అయినా భయం పుట్టింది. 'పారబెన్ లేదు' అని డబ్బాల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేయడం రివాజయింది. పారబెన్లు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న వాటిలో మన చెల్లెలు ఒకతె. పదిహేనేళ్ళ తరువాత, 2019లో, మునుపు చెప్పిన ఆ అమెరికన్ సొసైటీయే పారబెన్లను 'ఈ ఏటి అలర్జీ కాని ద్రవ్యం'గా ప్రకటించింది. చర్మానికి పడకపోవడమన్న ఒక్క విషయంలో, నిలవద్రవ్యాలన్నిటిలోనూ అతి సాధువులు అవేనని దాని తాత్పర్యం. సాధువును వెళ్ళగొట్టి, సాధువని నమ్మి మరొకరిని తెచ్చుకున్నాం.

ఒక ద్రవ్యాన్ని తీసివేయడం సగం పనే. దాని స్థానంలో ఏది వచ్చిందన్న ప్రశ్న మిగతా సగం. ఫార్మాల్డిహైడ్ మీది అనుమానం, అక్కాచెల్లెళ్ళ జంట, గ్లూటరోనైట్రైల్, ఒంటరి చెల్లెలు: ప్రతి మజిలీలోనూ వెనుకటి తప్పును దిద్దుతున్నామనే నమ్మారు. కొత్తదాని నిజస్వరూపం లక్షలమంది చర్మం మీద వాడి చూస్తే గాని బయటపడలేదు. ఆ పరీక్షకు ఒప్పుకున్నారా అని ఆ లక్షలమందిని ఎవరూ అడగలేదు.

వెట్ వైప్స్ వాడవద్దని నేను చెప్పబోవడం లేదు. ప్రయాణంలో పసిబిడ్డతో ఉన్న తల్లికి, నీళ్ళు లేని చోట రోగిని కనిపెట్టుకున్న కొడుక్కి వాటి విలువ తెలుసు. ఇప్పుడు అనేక తయారీలలో ఫినాక్సీఇథనాల్, సోడియం బెంజోయేట్ వంటి వేరే నిలవద్రవ్యాలు వాడుతున్నారు. అవి కూడా అందరికీ పడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని మానని పుండు ఉన్నప్పుడు ఏం మందు రాయాలన్న ప్రశ్నకంటే ముందు, రోజూ ఏది రాస్తున్నాం, దేనితో తుడుస్తున్నాం అన్న ప్రశ్న వేసుకోవాలి. డబ్బా ముందువైపు బొమ్మను కాదు, వెనుకవైపు అక్షరాలను చదవాలి. రెండు మూడు వారాలు ఆ వస్తువును మాని చూడాలి. అవసరమైతే ప్యాచ్ టెస్టు గురించి చర్మవైద్యుణ్ణి అడగాలి.

మా అమ్మ ఆ తరువాత లేచి నడిచింది. తనను తుడిచిన ఆ పాత నేతచీర ముక్కలను ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి పెట్టెలో దాచుకుంది. ఎందుకని అడిగితే, "ఉండనీరా, ఇవి నాకు పడ్డాయి" అంది.